మా ఇంటి ఆర్ఓ మిషన్, దాని లోపలి పొర: పద్నాలుగు నెలల వాడకం మీద

పోయిన ఆదివారం పొద్దున వాకిట్లో కూర్చుని మా ఫిల్టర్ మిషన్ లోపల నీళ్లలోని ఉప్పును ఆపే పొర, మెంబ్రేన్‌ను హ్యాక్సా బ్లేడుతో కోస్తుంటే అమ్మ వచ్చి చూసింది. "రెండు వేలు పోసి తెచ్చింది నీళ్లు తాగనీకా, నరకనీకా పాపా?" అంది. ఇది పాతదమ్మా, కొత్తది నిన్న వేయించాను కదా అన్నాను. అయినా నమ్మకం కుదరలేదు. లోపలికి పోయి కొళాయి తిప్పి, నీళ్లు వస్తున్నాయని చూసుకుని మళ్లీ వచ్చి నిలబడింది.

ఈ మిషన్ కొని పద్నాలుగు నెలలైంది. ఇలాంటిది కొనాలా వద్దా అని మా వీధిలో నలుగురైనా అడిగారు. నన్నే ఎందుకంటే, నా పని కూడా మెంబ్రేన్లు చేయడమే. ఫిజిక్స్‌లో రీసెర్చ్ చేస్తున్నాను. అల్యూమినియం రేకును ఆమ్లంలో ముంచి, కరెంటు పెట్టి, అందులో నానోమీటర్ల కొలతలో (మిల్లీమీటరులో పదిలక్షల వంతు ఒక నానోమీటరు) కంతలు పుట్టిస్తాను. పెళ్లిళ్లలో ఎవరైనా అడిగితే "మా పాప రేకులకు బొక్కలు పెడుతుంది" అని అమ్మ చెబుతుంది. ఏడేళ్లుగా చేస్తున్నది అదే కాబట్టి కాదనడానికీ లేదు.

మిషన్ కంపెనీ పేరు రాయను. ఇందులో పొగడ్తా ఉంది, తిట్టూ ఉంది. పైగా ఈ ధరలో దొరికే మిషన్లలో బయటి డబ్బా రంగు తప్ప లోపలి సరుకు దాదాపు ఒకటే.

ముందు మా నీళ్ల సంగతి చెప్పాలి, లేకపోతే మిగతాదంతా గాలిలో మాటలవుతాయి. మాది అనంతపురంలో రుద్రంపేట దాటాక వేసిన కొత్త లేఅవుట్. మా వీధికి కొళాయి లైను లేదు. 620 అడుగుల బోరు ఒక్కటే దిక్కు. ఆ నీళ్ల టీడీఎస్, అంటే లీటరులో కరిగి ఉన్న ఉప్పులన్నీ కలిపి, 1180 మిల్లీగ్రాములు. ఆ అంకె అక్కర్లేకుండానే అమ్మ నీళ్ల గుణం చెప్పేసింది: బ్యాళ్లు ఎంతసేపు పెట్టినా ఉడకవు, సబ్బు నురగ రాదు, స్టీలు బిందె లోపల నెల తిరక్కుండా తెల్లటి పెంకు కడుతుంది. తాగడానికి ఇరవై లీటర్ల క్యాన్లు వేయించుకునేవాళ్లం. క్యాన్ నీళ్లకు ఒకరోజు ఒక రుచి, మరోరోజు ఇంకో రుచి. ఒకసారి క్యాన్ అడుగున పాచి కనిపించాక నాకు మనసు విరిగింది.

అసలు భయం ఉప్పు గురించి కాదు, ఫ్లోరైడు గురించి. నేను పుట్టిన పల్లె కదిరి వైపు. 2022లో జిల్లా రెండైనప్పుడు ఆ పల్లె శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది గానీ, నా ముందు పళ్ల మీద గోధుమరంగు చారలు మాత్రం నాతోనే అనంతపురం వచ్చేశాయి. పళ్లు ఏర్పడే వయసులో ఫ్లోరైడు ఎక్కువున్న నీళ్లు తాగితే పడే చారలవి, తోమితే పోవు. కాలేజీలో ఫోటో దిగేటప్పుడు నోరు మూసుకుని నవ్వడం నేర్చుకున్నాను, ఇప్పటికీ అదే అలవాటు. మన కాళ్ల కింద ఉన్నది గ్రానైటు. దాని ఖనిజాల్లో ఉన్న ఫ్లోరైడు కొంచెం కొంచెంగా నీళ్లలోకి దిగుతుంది. బోరు లోతుకు పోయేకొద్దీ ఆ నీళ్లు రాయిలో ఎక్కువ ఏళ్లు నాని ఉంటాయి. ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేం కాదు. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో, నెల్లూరు జిల్లా పల్లెల్లో ఫ్లోరైడు జబ్బు గురించి డాక్టర్లు 1937లోనే రాసిపెట్టారు. 1990లలో సత్యసాయి ట్రస్టు పైపులు వేసి మా జిల్లాలో వందల ఊళ్లకు నీళ్లు ఇచ్చిందంటే అందుకే.

కెమిస్ట్రీలో ఉన్న నా స్నేహితురాలి దగ్గర ఫ్లోరైడు కొలిచే ఎలక్ట్రోడ్ ఉంది. మా బోరు నీళ్లు సీసాలో పట్టుకుపోతే లీటరుకు 1.9 మిల్లీగ్రాములు చూపించింది. మన దేశ ప్రమాణాల సంస్థ బీఐఎస్ లెక్క ప్రకారం 1 దాకా మంచిది, వేరే దారి లేకపోతే 1.5 దాకా ఓర్చుకోవచ్చు. మాది రెండూ దాటేసింది. కొనాలని ఆరోజే అనుకున్నాను. మా అన్న కూతురికి మూడేళ్లు, సెలవులకు వస్తే నెల రోజులు ఇక్కడే ఉంటుంది. దానికీ ఈ నవ్వు రాకూడదు.

ఫలానా మిషన్ కావాలని ఒక కంపెనీకి ఫోన్ చేస్తే మరుసటి రోజే టై కట్టుకుని ఒక అబ్బాయి వచ్చాడు. రెండు గ్లాసులు తెమ్మన్నాడు. ఒకదాంట్లో మా బోరు నీళ్లు, ఇంకోదాంట్లో తన సీసాలోని ఆర్ఓ నీళ్లు. బ్యాగులోంచి నాలుగు కడ్డీలున్న ఒక పెట్టె తీసి, రెండు గ్లాసుల్లో ముంచి, ప్లగ్గు పెట్టాడు. నిమిషంలో మా నీళ్లు పచ్చగా, ఆపైన తుప్పు రంగుకు తిరిగి, కుళ్లిన చారు మాదిరి తెట్టె కట్టాయి. ఆర్ఓ గ్లాసు మాత్రం కొంచెం పసుపు తిరిగి అక్కడే ఆగింది. "చూడమ్మా, ఇన్నేళ్లూ మీరు తాగుతాండేది ఇదే" అన్నాడు. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

నేను రోజూ చేసే పనే నా ఇంటికొచ్చి నన్నే మోసం చేయాలని చూస్తుంటే ఏమనాలో తెలియలేదు. ఆ కడ్డీల్లో ఇనుముది ఒకటి, అల్యూమినియందొకటి. ఉప్పున్న నీళ్లలో కరెంటు బాగా పారుతుంది, ఇనుప కడ్డీ కరిగి తుప్పై తేలుతుంది. ఆర్ఓ నీళ్లలో ఉప్పు లేదు కాబట్టి కరెంటు పారదు, కడ్డీ కరగదు. గ్లాసులో కనిపించిన మురికి మా బోరులోది కాదు, ఆయన కడ్డీలోది. మాటలతో చెబితే అమ్మకు ఎక్కదని, ఆ శుభ్రమైన ఆర్ఓ గ్లాసులో వంటింటి ఉప్పు ఒక చిటికెడు వేసి, "ఇప్పుడు పెట్టు నాయనా" అన్నాను. ఆ అబ్బాయి నా మొహం చూశాడు. పెట్టాడు. అరనిమిషంలో అదీ చారైపోయింది. "మీరు టీచరా మేడమ్?" అన్నాడు. కాఫీ తాగి పోయాడు. పాపం, వాడికి ట్రైనింగులో ఏది చెప్పారో అదే చేశాడు. వాడి మీద కోపం లేదు. కానీ ఆ పెట్టె పట్టుకుని మీ ఇంటికొస్తే మాత్రం ఉప్పు డబ్బా దగ్గర పెట్టుకోండి.

తర్వాత సుభాష్ రోడ్డులో ఒక షాపులో వేరే కంపెనీ మిషన్ 11,800కి కొన్నాను. గోడకు బిగించే రకం, ఎనిమిది లీటర్ల ట్యాంకు. పక్కన కూర్చోబెట్టి చూస్తే ఇదొక చిన్న సర్కస్: ముందు మట్టిని పట్టే క్యాండిల్, తర్వాత బొగ్గు, తర్వాత పంపు, మెంబ్రేన్, ఇంకో సన్న ఫిల్టరు, చివర యూవీ లైటు. రాగి గుణం, ఆల్కలైన్ గుణం అని పెట్టె మీద ఏవేవో ఉన్నాయి. వాటి గురించి రాయడం టైము దండగ. ఇందులో అసలు పని చేసేది మెంబ్రేన్ ఒక్కటే. మిగతావన్నీ దానికి కాపలాదార్లు.

మొదటి రోజు లెక్కలు. లోపలికి 1180, బయటికి 70. ఫ్లోరైడు 1.9 నుంచి 0.15కి దిగింది. లీటరు నిండడానికి ఐదు నిమిషాలు. స్నేహితురాలు ఆ 0.15 చూసి ఎలక్ట్రోడ్ చెడిపోయిందేమోనని మళ్లీ సరిచేసి కొలిచింది. మళ్లీ అదే.

ఆరోజు రాత్రి అమ్మ అడిగిన ప్రశ్న నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. "నువ్వు చేసేది గూడా ఇదే కదా. ఒకటి చేసియ్యగూడదా? పన్నెండు వేలు ఎందుకు పోసేది?"

ఎందుకు చేసివ్వలేనో చెప్పాలంటే నా పని చెప్పాలి. చాలా శుద్ధమైన అల్యూమినియం రేకు తీసుకుంటాను. దాన్ని మంచులో పెట్టిన ఆమ్లంలో కరెంటుతో అద్దంలా మెరిసేదాకా నునుపు చేస్తాను. తర్వాత ఆక్జాలిక్ ఆమ్లంలో ముంచి 40 వోల్టులు పెడతాను. పైన అల్యూమినియం ఆక్సైడ్ పొర పెరుగుతుంది, పెరుగుతూ పెరుగుతూ తనంతట తనే తేనెపట్టులా కంతలు వేసుకుంటుంది. వోల్టుకు రెండున్నర నానోమీటర్ల లెక్కన, 40 వోల్టులకు కంతకూ కంతకూ మధ్య 100 నానోమీటర్లు. ఎవరూ చెక్కరు, ఎవరూ గీయరు, వోల్టేజీ ఎంత పెడితే అంత ఎడం. మొదటిసారి పెరిగిన పొరలో కంతలు గజిబిజిగా ఉంటాయి. దాన్ని మొత్తం కరిగించేసి, కింద మిగిలిన గుంటల మీద రెండోసారి పెంచితే అచ్చం వరసల్లో వస్తాయి. ఈ కిటుకు 1995లో జపాన్‌కు చెందిన మసుదా, ఫుకుదా 'సైన్స్' అనే పత్రికలో రాశారు. ముప్పై ఏళ్లు దాటినా మేమంతా ఆ దారినే నడుస్తున్నాం. ఒక చదరపు సెంటీమీటరులో దాదాపు వెయ్యి కోట్ల కంతలు. మొదటిసారి మైక్రోస్కోపులో చూసిన రోజు నేను రాత్రి అన్నం తినలేదు, గుర్తే రాలేదు.

అదంతా బాగానే ఉంది. కానీ యాభై మైక్రాన్ల మందం రావడానికి ఐదు డిగ్రీల చలిలో ఒక పగలూ ఒక రాత్రీ పడుతుంది. మధ్యలో చలి తప్పితే అంతే సంగతులు. ఒక మే నెలలో, బయట 42 డిగ్రీలున్న రాత్రి, మా ల్యాబ్‌లో చిల్లర్ ఆగిపోయింది. పొద్దున పోయి చూస్తే రేకు మీద దోశ మాడినట్టు నల్లటి మచ్చ. అన్నీ కుదిరాక చివర్లో అడుగున మిగిలిన అల్యూమినియాన్ని కాపర్ క్లోరైడుతో కరిగించి, కంతల అడుగు మూతలు ఫాస్ఫారిక్ ఆమ్లంతో తెరిస్తే, అప్పుడు ఒక మెంబ్రేన్. రూపాయి బిళ్లంత. పట్టుకారుతో కొంచెం గట్టిగా పట్టుకున్నా అప్పడంలా విరుగుతుంది. అందులో కంత వెడల్పు 40 నానోమీటర్లు. నీళ్లలో సోడియం తన చుట్టూ నీటి కోటు వేసుకుని తిరుగుతుంది, ఆ కోటుతో సహా దాని వెడల్పు 0.7 నానోమీటరు. నా కంతలోంచి అది పోవడమంటే మన ఆర్టీసీ బస్టాండు గేటులోంచి కోడిపిల్ల పోవడమే. బాక్టీరియా ఆగుతుంది. పోలియో వైరస్ లాంటిదైతే దాని సైజు 30 నానోమీటర్లే కాబట్టి దూరినా దూరుతుంది. ఉప్పూ ఫ్లోరైడూ నన్ను చూసి నవ్వుకుంటూ పోతాయి.

"అంటే నీ బొక్కలు పెద్దవి" అంది అమ్మ. ఏడేళ్ల రీసెర్చ్ మీద ఇంత సూటిగా ఎవరూ మాట్లాడలేదు.

ఆర్ఓ పొర కథ వేరే. 1960 ప్రాంతంలో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో సిడ్నీ లోబ్, మన దేశంలో పుట్టిన శ్రీనివాస సౌరిరాజన్ కలిసి సెల్యులోజ్ అసిటేట్ అనే ప్లాస్టిక్‌తో పనికొచ్చే పొర చేశారు. 1965లో కోలింగా అనే చిన్న ఊరికి దాంతోనే తాగునీళ్లు ఇచ్చారు. ఇప్పుడు మన వంటిళ్లలో ఉన్నది 1970లలో జాన్ కాడట్ దారి చూపిన పాలీఎమైడ్ అనే ప్లాస్టిక్ పొర. దాని మందం ఒకటి రెండు వందల నానోమీటర్లు, అంతే. అంత పల్చటిది తనంతట నిలబడలేదు కాబట్టి కింద స్పంజి లాంటి పాలీసల్ఫోను, దానికింద పాలిస్టర్ గుడ్డ. అందులో నా తేనెపట్టు లాంటి కంతలు లేవు. నీళ్లు ఆ ప్లాస్టిక్‌లో కరిగి, కొత్త కుండ చెమర్చినట్టు అవతలికి ఊరతాయని మాకు పాఠం చెప్పారు. (కుండకు కంతలుంటాయి కాబట్టి పోలిక సగమే.) 2023లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీ నుంచి ఎలిమెలెక్ బృందం అది తప్పు, ఉండీ లేనట్టుండే అతి సన్నటి సందుల్లోంచి ఒత్తిడితో నీళ్లు పారుతున్నాయి అని రాసింది. మా సెమినార్లలో దీని మీద గొంతులు లేస్తూనే ఉన్నాయి. ఇన్ని కోట్ల ఇళ్లలో రోజూ పనిచేస్తున్న వస్తువులోంచి నీళ్లు ఏ దారిన పోతున్నాయో పెద్దలు ఇంకా కొట్టుకుంటున్నారంటే నాకు భలే సంతోషం. నాలాంటి వాళ్లకు ఉద్యోగం ఉంటుంది.

ఇక మిషన్ మీద నా ఫిర్యాదులు. మొదటిది స్క్రూ.

నెలయ్యాక అమ్మ నీళ్లు సప్పగా ఉన్నాయని గొణగడం మొదలుపెట్టింది. "పస లేదు, తాగినట్టే ఉండదు." కంపెనీ సర్వీసు మనిషిని పిలిస్తే, మెంబ్రేన్ పక్కనున్న చిన్న స్క్రూ తిప్పి, "250 పెట్టినా మేడమ్, ఇంగ టేస్ట్ వస్తుంది, మినరల్స్ గూడా" అని పోయాడు. ఆ స్క్రూ పేరు టీడీఎస్ కంట్రోలర్. పేరు వింటే ఏదో గొప్ప యంత్రం అనుకుంటాం. అది చేసేది మెంబ్రేన్‌ను తప్పించుకుని వచ్చిన బోరు నీళ్లను కొంచెం మంచినీళ్లలో కలపడం. 1180ని 70తో కలిపి 250 చేయాలంటే ప్రతి ఆరు గ్లాసుల్లో ఒక గ్లాసు బోరు నీళ్లే. ఆరోజు ఫ్లోరైడు కొలిస్తే 0.43 వచ్చింది. హద్దులోపలే ఉంది, నిజమే. కానీ పన్నెండు వేలు పెట్టి గేటు కట్టించి, పక్కన కంచెకు కంత పెట్టుకోవడం ఏం తెలివి? బోరులో 3, 4 ఉండే పల్లెల్లో ఇదే స్క్రూ ఇంకాస్త తిప్పితే హద్దు దాటిపోతుంది, మీటరు మాత్రం "గుడ్ వాటర్" అనే చూపిస్తుంది. ఎందుకంటే టీడీఎస్ మీటరు కొలిచేది నీళ్లలో కరెంటు ఎంత పారుతుందో, అంతే. అందులో ఉన్నది వంటుప్పో, సున్నమో, ఫ్లోరైడో దానికి తెలియదు. నేను స్క్రూ పూర్తిగా మూసేశాను. రుచి కోసం అమ్మ నీళ్లను రాత్రి కుండలో పోసి పెడుతోంది. పస వచ్చిందట.

ఆ మీటరు 250 రూపాయలది ఆమెకే ఇచ్చేశాను. ప్రతి సోమవారం గ్లాసులో ముంచి, వంటింటి క్యాలెండర్‌లో పాల లెక్క పక్కన పెన్సిలుతో అంకె రాస్తుంది. ఈ పద్నాలుగు నెలల్లో మిషన్ గురించి దొరికిన అన్నిటికంటే మంచి సమాచారం ఆ క్యాలెండరే.

రెండోది వేస్టు నీళ్లు. బకెట్టు పెట్టి కొలిచాను: లీటరు మంచినీళ్లకు 2.8 లీటర్లు బయటికి పోతున్నాయి. తాగడానికి, వంటకు రోజుకు పదిహేను లీటర్లు పడితే నలభై రెండు లీటర్లు పైపులో పోతాయి. వానల్లేని అనంతపురంలో ఈ లెక్క అమ్మ ముందు చెప్పలేక రెండు రోజులు దాచాను. ఇలా పోవడం మోసం కాదు, పొర ముందు ఉప్పంతా పేరుకుపోకుండా కడుగుతూ ఉండాలి. మా నీళ్ల ఉప్పును ఎదిరించడానికి ఒక బార్ ఒత్తిడి కూడా అక్కర్లేదు, పంపు ఐదు దాకా ఇస్తుంది, కారు టైరులో గాలికి రెట్టింపు. కడగడం ఆపితే ఆ ఒత్తిడికి సున్నమంతా పొర మీదే గట్టిపడుతుంది. ఇప్పుడు ఆ పైపు కింద ఒక డ్రమ్ము పెట్టాం, బట్టలకు, బాత్రూముకు అవే. మొక్కలకు మాత్రం వద్దు. నేను ఊళ్లో లేనప్పుడు అమ్మ కరివేపాకు చెట్టుకు రెండు నెలలు పోసింది, ఆకుల అంచులు మాడిపోయాయి. ఆ నీళ్ల టీడీఎస్ 1570, ఫ్లోరైడు 2.5. చెట్టు ఇంకా కోలుకోలేదు, పోపులోకి పక్కింటికి పోతున్నాం.

మూడోది సర్వీసు, దీనికి మార్కులే వేయను. పదమూడో నెలలో లీటరుకు ఐదు నిమిషాలు కాస్తా పది అయింది, క్యాలెండర్‌లో అంకె 70 నుంచి 160కి ఎక్కింది. కంపెనీకి ఫోన్ చేస్తే టికెట్ నంబరు ఇచ్చారు. ఎవరూ రాకుండానే "మీ పని పూర్తయింది" అని మెసేజ్ వచ్చింది. మళ్లీ చేశాను. ఈసారి వచ్చినాయన మూత కూడా తీయకుండా మొత్తం మార్చాలి, 4,200 అవుతుంది, పాత సామాను మేమే తీసుకుపోతాం అన్నాడు. పాత మెంబ్రేన్ నాకు కావాలన్నాను. రూల్ లేదన్నాడు. నా డబ్బుతో కొన్నది నాకివ్వడానికి రూల్ ఏందప్పా అంటే జవాబు లేదు.

టవర్ క్లాక్ దగ్గర ఒక చిన్న షాపు కుర్రాడు సాయంత్రం బండి మీద వచ్చాడు. పంపు మీద చెయ్యి పెట్టి శబ్దం విన్నాడు. "పంపు బాగుండాది మేడమ్, మెంబ్రేన్ పట్టేసింది. క్యాండిల్ ఎన్నిసార్లు మార్పిచ్చినారు?" అని అడిగాడు. ఒక్కసారీ మార్పించలేదు. ఏడేళ్లు మెంబ్రేన్ల మీద పనిచేసే దాన్ని, అందరికీ చెప్పేదాన్ని, ఆరునెలలకోసారి మార్చాల్సిన క్యాండిల్ మర్చిపోయాను. ఆయన నవ్వలేదు, అదే పెద్ద మర్యాద. మెంబ్రేన్ 1,700, మజూరీ 300, క్యాండిల్ డబ్బులు వేరే. పాతది అడక్కుండానే నా చేతిలో పెట్టాడు. లోపమూ చెప్పాలి: పైపు మలుపు దగ్గరి ఎల్బో ఒకటి సరిగా బిగించలేదు, రాత్రంతా చుక్కచుక్కగా కారింది, అమ్మ కింద గిన్నె పెట్టుకుని కూర్చుంది. మరుసటి రోజు పొద్దున ఏడింటికే వచ్చి టేపు చుట్టి పోయాడు, డబ్బులడగలేదు.

ఇక వాకిట్లో కోసిన సంగతి. పైన ప్లాస్టిక్ టేపు తీస్తే లోపల పొర, జాలీ, గుడ్డ ఒకదాని మీద ఒకటి నడిమి గొట్టం చుట్టూ చుట్టి ఉన్నాయి. విప్పేకొద్దీ వస్తూనే ఉంది, పరిస్తే పెద్ద టవలంత. నీళ్లు వచ్చే వైపు అంచున వేలు పెడితే ఇసుకలా గరగర. నిమ్మకాయ పిండితే బుసబుస పొంగింది, అంటే సున్నం. బిందెకు కట్టిన పెంకే ఇక్కడా కట్టింది. నీళ్లు తగ్గడానికి కారణం దొరికింది. మరి అంకె 160కి ఎందుకు ఎక్కింది? సున్నం పేరుకున్నచోట ఉప్పు కొంచెం ఎక్కువ జారుతుంది, అది ఒకటి. కానీ నా అనుమానం ఇంకోదాని మీద. అమ్మ నెలకోసారి సంపులో బ్లీచింగ్ పౌడరు కలుపుతుంది. పాలీఎమైడ్‌కు క్లోరిన్ అంటే విషం, మెల్లగా కొరికేస్తుంది. దాన్ని ఆపడానికే ముందు బొగ్గు ఫిల్టరు. ఆ బొగ్గు కూడా పద్నాలుగు నెలలుగా మార్చలేదు. ఇప్పుడు పౌడరు కలిపిన రోజు, ఆ మరుసటి రోజు మిషన్ ఆపేస్తున్నాం, ముందే పట్టి పెట్టుకున్న నీళ్లే వాడుతున్నాం.

సోమవారం పోస్టు స్టాంపంత ముక్కను ల్యాబ్‌కు తీసుకుపోయి, బంగారం పూత పూసి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో పెట్టాను. పక్కనే నా మెంబ్రేన్ ముక్క. ముప్పై వేల రెట్లు పెద్దది చేస్తే నాది తేనెపట్టు, వరస తప్పని గుండ్రాలు. వంటింటిది ముడతలు ముడతలుగా, మరిగించి చల్లార్చిన పాల మీద మీగడ మాదిరి. ఎంత వెతికినా ఒక్క కంత లేదు. మా జూనియర్ తెర మీదికి వంగి "ఇందులో కంతలు యాడున్నాయక్కా?" అన్నాడు. యేల్ వాళ్లనడుగు అన్నాను. ఒక అరగంట ఇద్దరం ఏం మాట్లాడకుండా ఆ ముడతలనే చూస్తూ కూర్చున్నాం. మెషిన్ టైము గంటల లెక్కన రాసుకుంటారు, అదీ మరిచి.

కొనాలా వద్దా అన్న వాళ్లకు: మీ నీళ్లేంటో తెలుసుకోకుండా కొనకండి. అరవింద్ నగర్‌లో మా పిన్నమ్మ వాళ్లకు మున్సిపల్ కొళాయి, పీఏబీఆర్ (పెన్న అహోబిలం రిజర్వాయరు) నుంచి వచ్చే తుంగభద్ర నీళ్లు. అక్కడ కొలిస్తే 310. ఆమెకు వద్దని చెప్పాను, కాచి చల్లార్చుకుంటే చాలు. 500 కంటే తక్కువున్నచోట ఆర్ఓ వద్దని జాతీయ హరిత ట్రిబ్యునల్ కూడా 2019లో చెప్పింది. మాలాగ బోరు మీద బతికేవాళ్లు టీడీఎస్ కాదు, ఫ్లోరైడు పరీక్ష చేయించండి. హద్దు దాటితే కొనండి, కొన్నాక ఆ స్క్రూ మూయించండి, ఆర్నెల్లకు క్యాండిలూ బొగ్గూ మార్పించండి. డబ్బా ఏ కంపెనీదైనా నాకు ఒకటే. లోపలి పొరకు మాత్రం, కోసేముందు కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టాలనిపించింది. పెట్టలేదు, అమ్మ చూస్తోంది.

ఈరోజు సోమవారమే. క్యాలెండర్‌లో పాలు లీటరున్నర, పక్కన 64.